అనంతపురంలో గ్రూప్ క్లాసులున్న జిమ్ కావాలా? బోర్డు కాదు, బ్యాచ్ చూసి చేరండి

మీ ప్రశ్న పూర్తిగా చదివానండీ. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మీద బెంగళూరు నుంచి మీ పాపతో సహా అనంతపురం వచ్చారు. అక్కడ వారానికి నాలుగు రోజులు గ్రూప్ క్లాసులకు వెళ్లేవారు. ఒక్కరే ట్రెడ్‌మిల్ మీద నడవాలంటే పది నిమిషాలకే విసుగొస్తుంది. ఇక్కడ ఏ జిమ్‌కు ఫోన్ చేసినా "అన్నీ ఉన్నాయి మేడమ్, వచ్చి జాయిన్ అవ్వండి" అంటున్నారు, తీరా వెళ్తే క్లాసు జాడే లేదు. వయసు 38, మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలు నొప్పి. ఏ జిమ్‌లో చేరాలి అని అడిగారు. నేను ఈ ఊళ్లోనే చాలా ఏళ్లుగా ఏరోబిక్స్, స్ట్రెంగ్త్ క్లాసులు చెప్తున్నాను కాబట్టి లోపలి సంగతులతో సహా వివరంగా రాస్తాను.

మీరు జిమ్ పేరు అడిగారు, నేను ట్రైనర్‌ని వెతకమంటాను. మీరు వెళ్లిన బెంగళూరు స్టూడియోలకు క్లాసే వ్యాపారం. యాప్‌లో టైమ్ టేబుల్ ఉంటుంది, ఒక ట్రైనర్ రాకపోతే ఇంకొకరు వస్తారు. మన ఊళ్లో జిమ్‌కు రాబడి ఎక్కువగా వెయిట్స్ చేసే కుర్రాళ్ల దగ్గర్నుంచే. గ్రూప్ క్లాసు పక్క హాల్లోనో, పై అంతస్తులోనో నడుస్తుంది. నడిపేది బయటి నుంచి గంట సేపు వచ్చి వెళ్లే ట్రైనర్. వాళ్లలో చాలామందికి నెల జీతం ఉండదు, బ్యాచ్ ఫీజులో వాటానో, క్లాసుకు ఇంత అనో మాట్లాడుకుంటారు. వచ్చేవాళ్లు తగ్గితే ఆ వాటా పెట్రోలుకు కూడా చాలదు. ట్రైనర్ మానేస్తారు, క్లాసు ఆగిపోతుంది. గోడ మీద జుంబా, ఏరోబిక్స్, యోగా అన్న అక్షరాలు మాత్రం అలాగే ఉంటాయి. రిసెప్షన్‌లో కూర్చున్న అబ్బాయికి కూడా అది ఆగిపోయి ఎన్నాళ్లయిందో తెలియకపోవచ్చు. నిరుడు సాయినగర్‌లో కిటకిటలాడిన బ్యాచ్ ఈ ఏడాది రామ్‌నగర్‌లో ఉండొచ్చు. అదే ట్రైనర్, అదే మనుషులు, హాలు మాత్రం వేరు. ఈ రోజు నేనొక పేరు చెప్తే ఆరు నెలలకు అది మీకు పనికిరాదు, వెతికే పద్ధతి తెలిస్తే ఎప్పటికైనా పనికొస్తుంది.

క్లాసులకు ఋతువులు కూడా ఉంటాయి. సంక్రాంతి అయ్యాక హాలు నిండుతుంది. మార్చిలో పిల్లల పరీక్షలు, అమ్మలు మానేస్తారు. ఏప్రిల్, మేలలో ఎండలు, ఊరి ప్రయాణాలు, పెళ్లిళ్లు. జూన్‌లో బళ్లు తెరిచాక మళ్లీ కొత్త ముఖాలు. శ్రావణమాసంలో మంగళ, శుక్రవారాలు సగం హాలు ఖాళీ. మీరు మే నెలలో వెళ్లి చూసి "ఇక్కడ ఎవరూ రారు" అనుకోవద్దు, జనవరిలో చూసి "భలే ఉంది" అని ఏడాది ఫీజు కట్టేయనూ వద్దు.

ఇక వెతకడం. గూగుల్ మ్యాప్స్‌లో జిమ్ అని కొడితే వచ్చేవన్నీ మెషీన్ల జిమ్ములే. ఏరోబిక్స్, జుంబా, లేడీస్ ఫిట్‌నెస్, డ్యాన్స్ స్కూల్, యోగా అని విడివిడిగా కొట్టండి. డ్యాన్స్ స్కూళ్లను మరీ మరీ చూడమంటాను. సాయంత్రాలు పిల్లలకు డ్యాన్స్ నేర్పే హాళ్లు ఉదయం పూట ఖాళీగా ఉంటాయి, అక్కడ ఆడవాళ్ల ఏరోబిక్స్ బ్యాచ్‌లు నడుస్తుంటాయి. అద్దాలు, సౌండ్ సిస్టమ్ అన్నీ సిద్ధంగా ఉంటాయి కదా. రివ్యూలు చదివేటప్పుడు నక్షత్రాలు వదిలేయండి. "ఆరు గంటల బ్యాచ్ బాగుంటుంది", "ఫలానా మేడమ్ బాగా చేయిస్తారు" లాంటి మాటలు, అవి రాసిన తేదీలు చూడండి. రెండు మూడు నెలల లోపు రాసినదైతే ఆ క్లాసు బతికే ఉందన్నమాట. ఇన్‌స్టాగ్రామ్‌లో జిమ్ పేజీ కంటే ట్రైనర్ సొంత పేజీ నమ్మదగ్గది. ఇక్కడి ట్రైనర్లు ఒకరే రెండు మూడు చోట్ల క్లాసులు చెప్తారు, ఎక్కడ ఏ టైముకు ఉంటారో స్టేటస్‌లో పెడుతుంటారు. అక్కడే నేరుగా మెసేజ్ పెట్టండి.

వీటన్నిటికంటే తొందరగా పనయ్యే దారి ఇంకోటుంది. ఒక రోజు తెల్లవారుజామున ఐదున్నరకు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కో, పీటీసీ (పోలీస్ ట్రైనింగ్ కాలేజీ) గ్రౌండ్‌కో వెళ్లి రెండు రౌండ్లు నడవండి. స్పోర్ట్స్ షూ, ట్రాక్ ప్యాంటుతో గుంపుగా వచ్చే ఆడవాళ్లను పలకరించండి. "అక్కా, ఇక్కడ ఏరోబిక్స్ ఎక్కడ బాగా చేయిస్తారు?" అంటే చాలు. ఎవరు ఎక్కడ చేరారు, ఎందుకు మానేశారు, ఏ హాల్లో ఏసీ పనిచేయదు, ఎక్కడ ఫీజు తగ్గిస్తారు, అన్నీ నడుస్తూనే చెప్పేస్తారు.

ఇక్కడ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) స్పోర్ట్స్ విలేజ్ గురించి ఎవరైనా మీకు చెప్పే ఉంటారు. అది ప్రధానంగా గ్రామాల పిల్లలకూ పేద పిల్లలకూ ఆటలు నేర్పడానికి. మీరు వెతికేది వేరు.

ఫోన్ చేసినప్పుడు "గ్రూప్ క్లాసులు ఉన్నాయా" అని అడగొద్దు. దానికి జవాబు ఎప్పుడూ ఉన్నాయనే. "నిన్న సాయంత్రం ఏ క్లాసు జరిగింది, ఎంతమంది వచ్చారు, ఎవరు చెప్పారు" అని అడగండి. క్లాసు నిజంగా నడిచే చోట వెంటనే చెప్తారు, "నిన్న సర్క్యూట్ మేడమ్, పద్నాలుగు మంది వచ్చారు" అని. నడవని చోట "మీరు రండి మేడమ్, మాట్లాడుకుందాం" అంటారు. ఆ ఒక్క ప్రశ్నతో సగం జిమ్ములు లిస్టులోంచి పోతాయి. లేడీస్ టైమింగ్స్ ఏవో కూడా అప్పుడే అడగండి. చాలా చోట్ల ఉదయం పది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా పెడతారు. ఇంట్లో ఉండేవాళ్లకు అవి బాగుంటాయి. బ్యాంకులో ఆరున్నర దాకా సీట్లో ఉండే మీకు పొద్దున ఆరు గంటల బ్యాచో, రాత్రి ఏడు గంటల బ్యాచో తప్ప వేరే దారి లేదు. ఆ టైములో బ్యాచ్ లేని జిమ్ ఎంత బాగున్నా మీకు లేనట్టే.

తర్వాత చూడటానికి వెళ్లండి. మీరు రోజూ రాగలిగే గంటకే వెళ్లండి, ముందు చెప్పకుండా వెళ్లండి. మధ్యాహ్నం పన్నెండుకు వెళ్తే మెషీన్లు చూపిస్తారు, మీరు చూడాల్సింది మనుషుల్ని. క్లాసు మొదలు కావడానికి ఐదు నిమిషాల ముందే తలుపు దగ్గర నిలబడండి. ట్రైనర్ ముందే వచ్చి ఉంటే అది మొదటి మంచి గుర్తు. కొత్తగా వచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి బీపీ ఉందా, షుగర్ ఉందా, మోకాళ్లు, నడుము ఎలా ఉన్నాయి, ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా అని అడుగుతున్నారా చూడండి. అడగకుండా నేరుగా పాట పెట్టేస్తే, ఆ క్లాసులో మీ మోకాలి సంగతి ఎవరికీ తెలియదు.

పాట మొదలయ్యాక ట్రైనర్ ఎక్కడ నిలబడుతున్నారో గమనించండి. అద్దంలో తన స్టెప్పులు చూసుకుంటూ గంటంతా ముందే నిలబడే ట్రైనర్లు ఉన్నారు. అది షో అవుతుంది తప్ప క్లాసు కాదు. మంచి ట్రైనర్ రెండు మూడు సార్లు చేసి చూపించి, మనుషుల మధ్యలోకి వచ్చేస్తారు. స్క్వాట్లు (గుంజీళ్లలా కూర్చుని లేవడం) చేయించేటప్పుడు మీ కళ్లు వెనక వరస మీదే పెట్టండి. కొత్తవాళ్లు సిగ్గుపడి నిలబడేది అక్కడే. కూర్చునేటప్పుడు వాళ్ల మోకాళ్లు లోపలికి వాలిపోతుంటాయి, మడమలు లేస్తుంటాయి. ట్రైనర్ అక్కడిదాకా నడిచి వెళ్లి, పాదాలు కాస్త ఎడంగా పెట్టించి, వెనక ఒక కుర్చీ వేసి "దీని మీద కూర్చుంటున్నట్టు వెనక్కి వెళ్లండి, మోకాలు కాలివేళ్ల వైపే చూడాలి" అని సరిచేస్తే, ఇంక మీరు వేరే చోటు వెతకనక్కర్లేదు. ఆ ఒక్క దిద్దుబాటు కోసమే మనం గ్రూప్ క్లాసుకు డబ్బు కట్టేది. ఎగరడం, గంతులేయడం యూట్యూబ్ చూసి ఇంట్లో కూడా చేసుకోవచ్చు.

ఒక ట్రైనర్ పదిహేను మంది దాకా కళ్లలో పెట్టుకోగలరు. ఇరవై దాటితే వెనకవాళ్లు కనపడరు. పాతిక మందికి ఒక్కరే ఉంటే, అసిస్టెంట్ కూడా లేకపోతే, నేనైతే చేరమని చెప్పను. రెండు చేతులు బార్లా చాపి చుట్టూ తిరిగితే పక్కవాళ్లకు తగలకుండా ఉండాలి, అంత చోటైనా మనిషికి దక్కాలి.

నేల చూడండి. మన దగ్గర చాలా హాళ్లకు సిమెంటు మీద టైల్స్ వేసేసి ఉంటాయి. దాని మీద గంట సేపు ఎగిరితే దెబ్బంతా పిక్కలకు, మోకాళ్లకు వస్తుంది. చెక్క ఫ్లోరో, మందపాటి రబ్బరు షీట్లో ఉండాలి. టైల్స్ తప్ప గతి లేకపోతే మంచి షూ వేసుకుని, జంపులు లేని క్లాసులే ఎంచుకోండి. పై కప్పు కూడా చూడండి. మిద్దె మీద రేకుల షెడ్డులో నడిచే క్లాసులు ఇక్కడ చాలానే. చలికాలం హాయిగా ఉంటాయి. ఏప్రిల్ వచ్చేసరికి అనంతపురం ఎండకు కాగిన రేకులు సాయంత్రం ఏడింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటాయి. ఆ వేడిలో ఏరోబిక్స్ చేస్తే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదముంది. అలాంటి హాలైతే వేసవి మూడు నెలలూ ఉదయం బ్యాచ్‌కు మారే వీలుందో లేదో ముందే మాట్లాడుకోండి. సెల్లార్ జిమ్ అయితే బయటికి రావడానికి ఇంకో దారి ఉందా చూడండి.

ఆడవాళ్లకు ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. రీల్స్ కోసం క్లాసును ఫోన్‌లో తీసి ఇన్‌స్టాలో పెట్టేస్తున్నారు. వెనక వరసలో మీరున్నా కనపడతారు. "నన్ను తీయొద్దు" అని మొదటి రోజే గట్టిగా చెప్పండి. దానికి నొచ్చుకునే చోట మీరుండనక్కర్లేదు. రాత్రి ఎనిమిదికి క్లాసు అయిపోయాక బండి తీసుకునే చోట వెలుతురు ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు క్లాసుల పేర్ల సంగతి. జుంబా అనేది కొలంబియాకు చెందిన బెటో పెరెజ్ 1990ల్లో మొదలుపెట్టిన డ్యాన్స్ వ్యాయామం, 2001లో అమెరికాలో కంపెనీ అయింది. ఆ పేరుకు ట్రేడ్‌మార్క్ ఉంది, నేర్పాలంటే లైసెన్సు ఉండాలి. మీకు చెప్పే ట్రైనర్‌కు ఉందో లేదో ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికి చూసుకోవచ్చు. మన ఊళ్లో జుంబా పేరుతో నడిచేవాటిలో చాలావరకు సినిమా పాటల మీద ఏరోబిక్సే. అందులో తప్పేం లేదు, చెమట పడుతుంది, మనసు తేలికపడుతుంది. కానీ జుంబా పేరు చెప్పి ఎక్కువ ఫీజు అడిగితే లైసెన్సు చూపించమనండి. క్రాస్‌ఫిట్ కూడా అంతే, ఆ పేరు పెట్టుకోవడానికి అమెరికా కంపెనీ అనుమతి కావాలి. ఇక్కడ ఆ పేరుతో చేయించేది మామూలుగా సర్క్యూట్ ట్రైనింగ్: టైరు, తాడు, కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు), పుషప్స్ వరసగా.

టబాటా పేరు వింటే మాత్రం మీరు జాగ్రత్తగా ఉండాలి. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా 1996లో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చిన పేరది. 20 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, 10 సెకన్లు ఆగడం, అలా ఏడెనిమిది సార్లు. మొత్తం నాలుగు నిమిషాల్లోపే. చేసింది సైకిల్ మీద, చేసినవాళ్లు వ్యాయామం అలవాటున్న కుర్రాళ్లు. ఇప్పుడు నలభై ఐదు నిమిషాలు జంపింగ్ జాక్స్, బర్పీలు (కిందికి వంగి పుషప్ చేసి, లేచి ఎగరడం) చేయించి దానికి టబాటా అని పేరు పెడుతున్నారు. నాలుగు నిమిషాల్లో మనిషి శక్తంతా లాగేసే పద్ధతిని ముప్పావుగంట చేయడం ఎవరివల్లా కాదు. కాబట్టి ఆ క్లాసులో జరిగేది వేరే ఏదో. మోకాలి నొప్పి ఉన్న మీకు ఆ గంతులు అస్సలు వద్దు.

మీ మోకాలికి సరిపోయేవి ఉన్నాయి. ముందు ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఆ తర్వాత లో ఇంపాక్ట్ ఏరోబిక్స్ అడగండి, అంటే ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉంటుంది, ఎగరడం ఉండదు. స్టెప్ ఏరోబిక్స్ అనేదే మోకాలి దెబ్బ నుంచి పుట్టింది. 1980ల చివర్లో అమెరికాలో జిన్ మిల్లర్ అనే ట్రైనర్ తన మోకాలు దెబ్బతిన్నాక కోలుకోవడానికి ఎక్కి దిగే వ్యాయామం చేస్తూ దాన్ని తయారుచేశారు. అయితే దిగేటప్పుడు మీకు నొప్పి అంటున్నారు కదా, స్టెప్ క్లాసులో చేరేది మీ డాక్టరు సరేనన్నాకే. చేరినా నాలుగంగుళాల ఎత్తు మెట్టుతోనే మొదలుపెట్టండి. క్లాసు మధ్యలో పాటకు గొంతు కలపలేకపోయినా పక్కావిడతో ఒక వాక్యం మాట్లాడగలిగితే మీ వేగం సరిగ్గా ఉన్నట్టు. ఒక్క మాటకే ఆయాసం వస్తే తగ్గించండి. ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపేయాలి, అప్పుడు మొహమాటం పనికిరాదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం కావాలి. మన ఊరి బ్యాచ్‌లలో లోటు ఈ రెండోదే. ఆరు రోజులూ డ్యాన్సే చేయిస్తారు, డంబెల్ పట్టించరు. నలభైకి దగ్గరవుతున్న ఆడవాళ్లకు తొడల్లో, నడుములో బలం చాలా అవసరం, మీ మోకాలిని కాపాడేది కూడా ఆ తొడ కండరాలే. వారంలో రెండు రోజులు డంబెల్సో, రెసిస్టెన్స్ బ్యాండ్లో (సాగే రబ్బరు పట్టీలు) వాడే బ్యాచ్ దొరికితే, ఫీజు కొంచెం ఎక్కువైనా దాన్నే ఎంచుకోండి.

డబ్బు విషయంలో ఒకటే మాట, ఏడాదికి కట్టొద్దు. నెల నెలా కట్టండి, మరీ అయితే మూడు నెలలకు. సంవత్సరానికి కడితే సగం తగ్గిస్తామంటారు, కానీ క్లాసు ట్రైనర్‌తో పోతుందని చెప్పాను కదా. నాకు తెలిసిన ఒక టీచరమ్మ ఇలాగే ఏడాది ఫీజు కట్టారు. మూడో నెలలో ట్రైనర్ వేరే ఊరు వెళ్లిపోయారు, క్లాసు ఆగింది. డబ్బు తిరిగి అడిగితే "మెషీన్లు వాడుకోండి మేడమ్" అన్నారు. మీరు కట్టేది గ్రూప్ క్లాసుకైతే రసీదు మీద "గ్రూప్ క్లాసు, వారానికి ఇన్ని రోజులు, ఈ టైము" అని రాయించుకోండి. అది చేతిలో ఉంటే, మాట తప్పినప్పుడు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. జిమ్ సేవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం కాదు, 5 శాతమే. ఏడాది రాబడి 20 లక్షల లోపు ఉన్న చిన్న జిమ్‌కు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. బిల్లులో పన్ను వేస్తే జీఎస్టీ నంబరు ఉందేమో చూడండి. చేరిన వారానికే ప్రొటీన్ పౌడరు డబ్బా అంటగట్టబోతే వద్దని చెప్పేయండి.

ఇంత వెతికినా మీ టైముకు బ్యాచ్ దొరక్కపోవచ్చు. అప్పుడు మీరే బ్యాచ్ కట్టండి. ఇది పెద్ద పనేం కాదు, ఇక్కడి మంచి బ్యాచ్‌లలో చాలావరకు అలా పుట్టినవే. మీ బ్రాంచిలో ముగ్గురు, అపార్ట్‌మెంటులో నలుగురు, పాప స్కూల్ దగ్గర కలిసే అమ్మలు ముగ్గురు, పది మంది అయిపోతారు. అందరికీ కుదిరే గంట ఒకటి ముందు ఖాయం చేసుకోండి, ఎందుకంటే పదిమంది దొరకడం తేలికే, టైము కలవడమే కష్టం. ఆ తర్వాత మీ ఇంటికి దగ్గరలో, పక్క హాలు ఖాళీగా ఉన్న జిమ్ ఓనరు దగ్గరికి వెళ్లి "పొద్దున ఆరింటికి పది మందిమి వస్తాం, మొదటి నెల ఫీజు ముందే ఇస్తాం, వారానికి మూడు రోజులు క్లాసు, రెండు రోజులు స్ట్రెంగ్త్ కావాలి" అనండి. అద్దె ఎలాగూ కడుతున్న హాలుకు ఆ గంటలో రాబడి వస్తుందంటే కాదనే ఓనరు అరుదు. ట్రైనర్‌ను ఆయనే చూస్తారు, లేదా మీరు చూసి వచ్చిన ట్రైనర్‌నే పిలిపించమని అడగండి. జిమ్ ఒప్పుకోకపోతే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రబ్బరు షీట్లు పరిచి, ట్రైనర్‌నే రమ్మనొచ్చు. పది మందిలో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు మానేస్తుంటారు కాబట్టి, ట్రైనర్‌తో మాట్లాడేటప్పుడు తలకు ఇంత అని కాకుండా నెలకు మొత్తం ఇంత అని ఒప్పుకోండి. అప్పుడు శ్రావణమాసంలో ఐదుగురే వచ్చినా క్లాసు ఆగదు.

పొద్దున ఆరు గంటల బ్యాచ్‌కు ఖాళీ కడుపుతో రావొద్దు. ఒక అరటిపండో, గుప్పెడు నానబెట్టిన చెనక్కాయలో తిని, గ్లాసు నీళ్లు తాగి రండి. మీరుండేది కోర్టు రోడ్డు వైపా, రుద్రంపేట వైపా రాయండి. ఆ వైపు పొద్దున క్లాసులు చెప్పే ట్రైనర్లలో ఎవరికి చోటుందో అడిగి చెప్తాను.